ఇంటర్ తర్వాత ఒక నీటి ఏడాది: సీమలో పర్యావరణ గ్యాప్ ఇయర్‌కు ప్లాన్ ఎలా వేసుకోవాలి

నీట్ కోసం ఇంటర్ తర్వాత ఏడాదిపాటు లాంగ్ టర్మ్‌లో కూర్చుంటే అనంతపురంలో గానీ కడపలో గానీ ఎవరూ వింతగా చూడరు. అదే ఏడాదిని ఊరి చెరువు కోసమో, గుట్ట మీది గడ్డి కోసమో పెడతానంటే మాత్రం ఇంట్లో గుబులు మొదలవుతుంది. ఆ గుబులును కొట్టిపారేయకూడదు. ఇలాంటి ఏడాదులు చాలావరకు జూన్‌లో మొక్కలు నాటడంతో మొదలై దసరాకల్లా చల్లబడిపోతాయి. ఆ తర్వాత చదువులో మళ్లీ పడటం కష్టమవుతుంది. పిల్లలకు ఓపిక లేక ఇలా జరగదు. ఏం తెలుసుకోవాలని బయల్దేరారో ముందే తేల్చుకోకపోవడం వల్ల జరుగుతుంది.

నెలకో సంస్థ చొప్పున తిరిగి, ఆన్‌లైన్ సర్టిఫికెట్లు పోగేసుకున్నవాళ్లకు ఏడాది చివర గట్టిగా చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఒకే ఊరు, ఒకే వంక, ఒకే ప్రశ్న పట్టుకుని జూన్ నుంచి మే దాకా కొలిచినవాళ్ల దగ్గర మాత్రం ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేని లెక్క ఉంటుంది. ఈ వ్యాసం ఆ రెండో రకం ఏడాది గురించి.

ముందు సీటు సంగతి

ఏపీ ఈఏపీసెట్ ర్యాంకు ఆ ఏడాది కౌన్సెలింగ్‌కే పనికొస్తుంది. కన్వీనర్ కోటాలో వచ్చిన సీటును "వచ్చే ఏడాది చేరతాను" అని పక్కన పెట్టించుకునే వీలు లేదు. వదులుకుంటే మళ్లీ పరీక్ష రాయాల్సిందే. నీట్‌ను ఎన్నిసార్లయినా రాయవచ్చు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీకి ఇంటర్ ఏ ఏడాది పాసయ్యారన్న పట్టింపు లేదు. చిక్కంతా జేఈఈ అడ్వాన్స్‌డ్‌తోనే. దాన్ని వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయనిస్తారు. అంటే గ్యాప్ ఏడాది చివర రాసేదే ఆఖరి అవకాశం. ఐఐటీ మీద గట్టి ఆశ ఉన్నవాళ్లు ఈ ఏడాదిని పొలాల్లో గడపడం మంచిది కాదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టవుతుంది.

లోకల్ హోదా పోతుందేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. పోదు. లోకల్ అభ్యర్థి కావడానికి చూసే వరుస నాలుగేళ్ల చదువు ఇంటర్ పరీక్ష రాసిన ఏడాదితో ముగుస్తుంది. ఆ తర్వాత గడిపిన ఏడాది ఆ లెక్కలోకి రాదు. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ మాత్రం ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. కేంద్ర సంస్థలు అడిగే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కూడా ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. పాతవాటిని నమ్ముకుని కూర్చుంటే కౌన్సెలింగ్ రోజు పరుగులు తప్పవు. ఇంటర్ కాలేజీ నుంచి టీసీ, స్టడీ, కాండక్ట్ సర్టిఫికెట్లు మొదటి నెలలోనే తెచ్చుకోండి. ఏడాది తర్వాత వెళితే ఆఫీసులో రికార్డు వెతికించడమే ఒక పని. గ్యాప్‌కు రుజువుగా కొన్ని కాలేజీలు నోటరీ అఫిడవిట్‌తో సరిపెట్టుకుంటాయి, కొన్ని తహసీల్దారు పత్రం అడుగుతాయి. చేరాలనుకున్న కాలేజీనే నేరుగా అడిగి తెలుసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడిన కుటుంబమైతే ఆ ఏటి జీవో చదవకుండా నిర్ణయం తీసుకోవద్దు.

ఆడపిల్లల విషయంలో ఇంకో మాట. ఏడాది ఇంట్లో ఉందంటే సంబంధాలు చూడటం మొదలుపెట్టే ఇళ్లు ఇక్కడ ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఏ కాలేజీలోనూ పేరు లేకుండా ఉండటం ప్రమాదమే. దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో చేరి, ఇక్కడ చెప్పే పనినే ఉదయం గంట, ఆదివారం పూట చొప్పున చేసుకోవడం తెలివైన దారి. మన డిగ్రీల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎలాగూ ఉంటుంది, ఈ లెక్కలను దానికీ వాడుకోవచ్చు.

జూన్ నుంచి మే దాకానే ఎందుకు

పడమటి కనుమలు దాటి వచ్చేసరికి నైరుతి మేఘాల్లో తడి చాలావరకు అయిపోతుంది. అందుకే అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అందులో సగానికి పైగా జూన్ నుంచి సెప్టెంబరు లోపు పడుతుంది, మిగతాదాంట్లో పెద్ద భాగం అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య గాలులతో వస్తుంది. బావుల్లో నీరు మే చివర అన్నిటికంటే లోతుకు పోతుంది, నవంబరు, డిసెంబరుల్లో అన్నిటికంటే పైకి వస్తుంది. అడుగు మట్టాన్నీ పై మట్టాన్నీ రెంటినీ చూడకపోతే మధ్యలో తీసిన కొలతలకు అర్థం ఉండదు. ఇంటర్ ఫలితాలు ఏప్రిల్‌లో వచ్చేస్తాయి కాబట్టి ఊరు, ప్రశ్న ఎంచుకోవడానికి మే నెల సరిపోతుంది. మృగశిర కార్తె నాటికి వానమాపకం నేలలో దిగి ఉండాలి.

మంచి ప్రశ్నకు రెండు గుర్తులు. టేపు, నోటుపుస్తకం, సైకిల్‌తో ఏడాదిలో దానికి జవాబు దొరకాలి. ఆ జవాబు ఊళ్లో ఎవరికో ఒకరికి నిజంగా కావాలి. "వాతావరణ మార్పు వల్ల మన జిల్లాకు ఏమవుతోంది" అనేది పెద్ద ప్రశ్నే, కానీ ఒక మనిషి ఏడాదిలో తేల్చగలిగింది కాదు. "ఈ ఏడు పడిన వానలో మన చెరువులో ఎంత నిలిచింది, మిగతాది ఎటు పోయింది" అనేది తేలుతుంది. "నిరుడు రోడ్డు వెంట నాటిన మొక్కల్లో ఏడాదికి ఎన్ని బతికాయి, చచ్చినవి దేనివల్ల చచ్చాయి" అన్నా తేలుతుంది. మొక్కకో నంబరు కట్టి, నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి చూసి మేకలా, చెదలా, నీళ్లు పోయకపోవడమా, మంటా అని రాసుకుంటే చాలు. నాటిన లెక్క ఎక్కడైనా దొరుకుతుంది. బతికిన లెక్కే అరుదు.

వాన, బావి, చెరువు

ఏ ప్రశ్న ఎంచుకున్నా వాన లెక్క తప్పదు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. 10 మిల్లీమీటర్లు పడితే ఎకరంలో దాదాపు 40 వేల లీటర్లు పడ్డట్టు. వానమాపకానికి పెద్ద ఖర్చేమీ లేదు. మూతి సరిగ్గా 10 సెంటీమీటర్ల వెడల్పున్న గరాటు, కింద ఒక డబ్బా, 100 మిల్లీలీటర్ల కొలజాడీ ఉంటే చాలు. ఆ గరాటు మూతి వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి 7.85 మిల్లీలీటర్ల నీరు ఒక మిల్లీమీటరు వానకు సమానం. గరాటు అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున, మట్టసంగా ఉండాలి. చుట్టూ ఉన్న చెట్టు, గోడ ఎంత ఎత్తుందో కనీసం దానికి రెట్టింపు దూరంలో పాతాలి. మిద్దె మీద పెడితే గాలికి చినుకులు పక్కకు పోయి లెక్క తగ్గుతుంది. వాతావరణ శాఖ పద్ధతిలోనే రోజూ ఉదయం 8.30కి చూడాలి. ఆలస్యమైతే ఎండకు కొంత ఆవిరైపోతుంది. 2.5 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ పడితేనే దాన్ని వాన రోజుగా లెక్కిస్తారు.

పుస్తకంలో చాలామంది చేసే తప్పొకటుంది. వాన లేని రోజు ఖాళీగా వదిలేస్తారు, చూడటం మరిచిన రోజూ ఖాళీగా వదిలేస్తారు. మూడు నెలల తర్వాత ఏది ఏదో తెలియదు. వాన లేకపోతే 0 వేయండి, చూడకపోతే అడ్డగీత గీయండి. మర్నాడు ఊహించి నింపిన ఒక్క అంకె మొత్తం పుస్తకం మీద నమ్మకాన్ని పోగొడుతుంది.

బావి మట్టాన్ని వారానికోసారి, ఒకే రోజున, మోటార్లు వేయకముందు కొలవాలి. మోటారు నడుస్తుండగానో ఆపిన వెంటనేనో కొలిస్తే వచ్చేది ఆ బావిలో తాత్కాలికంగా దిగిన మట్టమే, భూగర్భజలం మట్టం కాదు. బావి గట్టు మీద పెయింటుతో ఒక గుర్తు పెట్టి, ఎప్పుడూ అక్కడి నుంచే టేపు దించాలి. మోటారు బిగించిన బోర్లలో టేపు పైపుకీ వైరుకీ చుట్టుకుంటుంది. పాత దిగుడు బావులు, మోటారు లేకుండా వదిలేసిన బోర్లు ఐదారు ఎంచుకోవడం మేలు. కొన్ని వంకకు దగ్గరవి, కొన్ని మిట్ట మీదవి ఉండాలి.

ఇక్కడ ఆగి అర్థం చేసుకోవాల్సిన సంగతి ఒకటుంది. అనంతపురం ప్రాంతంలో అడుగున ఉన్నది చాలావరకు గట్టి రాయి. ఆ రాయి మాగి మెత్తబడ్డ పొరలో నీరు నిలిచే సందు సుమారు 1 నుంచి 3 శాతమే. 2 శాతం అనుకుంటే, బావిలో నీరు మీటరు పైకి వచ్చిందంటే భూమికి దక్కింది 20 మిల్లీమీటర్ల నీరు మాత్రమే, ఎకరాకు 80 వేల లీటర్లు. అందుకే ఒక్క మంచి వానకు బావులు నిండినట్టు కనిపిస్తాయి, రెండు నెలలు తోడితే అడుగంటుతాయి. బావి నిండింది కదా అని రబీలో వరి వేసిన రైతు ఫిబ్రవరిలో కొత్త బోరు వేయించడానికి అప్పు చేయడం వెనక ఉన్నది ఈ చిన్న శాతమే. కడప, కర్నూలు వైపు సున్నపురాతి నేలల్లో లెక్క మళ్లీ వేరు. బెలుం గుహలను తొలిచిన నీరు పారేది అలాంటి రాతిలోనే. అక్కడ పక్కపక్క బోర్లు కూడా ఒకలా ప్రవర్తించవు, కాబట్టి ఎక్కువ బావులు కొలవాలి, సగటులను తక్కువ నమ్మాలి.

ఈ పని రైతులు చేయలేనిదేం కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2000ల దశకంలో ఫార్మర్ మేనేజ్డ్ గ్రౌండ్‌వాటర్ సిస్టమ్స్ ప్రాజెక్టు నడిచినప్పుడు సీమ జిల్లాల రైతులే వానలు, బావులు కొలిచి, ఉన్న నీటికి తగ్గ పంటలేవో రబీకి ముందు కూర్చుని తేల్చుకున్నారు. ఎకరం వరికి పెట్టే నీటితో రెండున్నర, మూడు ఎకరాల శెనక్కాయ పండుతుందన్న మాట తమ ఊరి అంకెలతో కళ్ల ముందు కనిపిస్తే అది ఉపన్యాసంలా ఉండదు. మీ ఊళ్లో ఆనాటి పుస్తకాలు దాచుకున్న రైతు ఉంటే ఆయన్ను వెతికి పట్టుకోండి. "పెద్దాయనా, మీ లెక్కలు చూపిస్తారా" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

చెరువు ఎంచుకున్నవాళ్లు తూము గోడ మీద 10 సెంటీమీటర్లకొక గీత చొప్పున మట్టపు గుర్తులు గీయాలి. వారానికోసారి ఫోన్‌లో జీపీఎస్ యాప్ పెట్టుకుని నీటి అంచు వెంట నడిస్తే విస్తీర్ణం వస్తుంది. ఆ విస్తీర్ణాన్ని అత్యధిక లోతుతో, ఆపైన 0.4తో గుణిస్తే నిల్వ అంచనాగా తెలుస్తుంది. తూము మూసి, వాన లేని వారంలో మట్టం ఎంత దిగిందో చూడండి. నడివేసవిలో రోజుకు దాదాపు సెంటీమీటరు ఆవిరికే పోతుంది. అంతకు మించి దిగినది భూమిలోకి ఇంకినదో, కట్ట కింద నుంచి కారినదో అయి ఉంటుంది. కట్ట వెనక చెమ్మ, జమ్ము కనిపిస్తే కారుతున్నట్టే.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి విజయనగర శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కారు. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం ఆ దోషాలు. ఈ ఆరింటినీ పట్టుకుని మీ చెరువు చుట్టూ ఒకసారి తిరిగిరండి. రాజ్యాలు పోయినా, రెండు పంచాయతీల మధ్య పడ్డ చెరువు మరువను (మిగులు నీరు పోయే అలుగును) ఎవరూ బాగుచేయక పాడుబడటం ఇవాళ్టికీ చూడవచ్చు.

తాగునీటి మీద పనిచేయాలనుకునేవారికి ఒక హెచ్చరిక. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని (టీడీఎస్) చూపే చేతి మీటరు ఫ్లోరైడ్‌ను చెప్పదు. టీడీఎస్ తక్కువున్న బోరులోనూ ఫ్లోరైడ్ ఎక్కువ ఉండవచ్చు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా అనుమతిస్తారు. నమూనాను గాజు సీసాలో కాకుండా శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి, ఊరు, బోరు, తేదీ రాసి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్షించాలి. అదే బోరును మేలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి చూస్తేనే తేడా తెలుస్తుంది.

పలుగు పార పట్టేముందు

కందకాలు తవ్వాలన్న ఉత్సాహం అందరికీ ఉంటుంది. వాటికి సమతల రేఖ, అంటే వాలు మీద ఒకే ఎత్తున సాగే గీత, గుర్తించడానికి ఏ-ఫ్రేమ్ చాలు. రెండు మీటర్ల పైచిలుకు కర్రలు రెండు, అడ్డకర్ర ఒకటి, పైనుంచి దారానికి వేలాడే రాయి. రెండు కాళ్లు నేల మీద పెట్టి దారం అడ్డకర్రను తాకిన చోట గీత గీయండి. కాళ్లు తారుమారు చేసి, అవే చోట్ల పెట్టి ఇంకో గీత గీయండి. రెండు గీతల సరిగ్గా నడుమ ఉన్నదే మట్టపు గుర్తు. దారం దాని మీద నిలిస్తే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. ఇది చేయకుండా కంటి అంచనాతో తవ్విన కందకంలో నీరంతా ఒక మూలకు చేరి, అక్కడే తెగి, కొత్త కోత మొదలవుతుంది. 3 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతున్న కందకం ఒక్కోసారికి 750 లీటర్లు పడుతుంది. తవ్విన మట్టిని పల్లం వైపు, అంచుకు ఒక అడుగు ఎడంగా పోయాలి. ఎగువన పోస్తే మొదటి వానకే తిరిగి కందకంలో పడుతుంది. గుట్ట పంచాయతీదా, రెవెన్యూదా, అటవీ శాఖదా తెలుసుకుని అనుమతి తీసుకోకుండా పార వేయకూడదు.

చెట్లు నాటడం గురించి నిక్కచ్చిగా చెప్పాల్సిన మాట ఉంది. సీమలో చెట్లు లేని ప్రతి నేలా బీడు కాదు. రోళ్లపాడు లాంటి గడ్డి మైదానాలు కృష్ణజింకలకు ఇల్లు, ఒకప్పుడు బట్టమేక పిట్టకూ ఇల్లే. ఆ పిట్ట కోసమే 1988లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు. గడ్డి నేలలో గుంతలు తీసి మొక్కలు నాటితే ఆ ప్రాణుల ఇల్లు పోతుంది, గొర్రెల కాపరుల మేత పోతుంది, మొక్కలూ ఎండిపోతాయి. లంకమల ప్రాంతపు కలివికోడి కూడా పొదల నడుమ ఖాళీ నేల ఉంటేనే బతుకుతుంది. ఇక లేదనుకున్న ఆ పిట్ట 1986లో కడప జిల్లాలోనే మళ్లీ కనిపించింది. కాబట్టి ముందు ఏడాది చూడటం, రాయడం, ఆ తర్వాతే నాటడం. పిట్టల లెక్కలకు ఈబర్డ్, చెట్ల పూత, కాపు, ఆకు రాలే కాలాలకు సీజన్‌వాచ్ అనే యాప్‌లు ఉన్నాయి. ఒక వేప, ఒక చింత, ఒక కానుగ ఎంచుకుని వారానికోసారి చూసి రాయడం ఎవరైనా చేయగలరు.

అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగుపెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. శేషాచలం, పాలకొండలు, లంకమల వైపు ఎర్రచందనం నిఘా ఉంటుంది. అక్కడ బైనాక్యులర్‌తో ఒంటరిగా తిరిగే కుర్రాడిని అనుమానించడం సహజం. జిల్లా అటవీ అధికారి (డీఎఫ్‌ఓ) ఆఫీసుకు రాతపూర్వకంగా అర్జీ పెట్టుకుని, బీట్ ఆఫీసరుకు చెప్పి వెళ్లండి. ఊరి చుట్టూ ఉన్న కుంటలు, చేల గట్లు మొదటి ఏడాదికి సరిపోతాయి.

ఎవరి దగ్గర నేర్చుకోవాలి

చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ 1990 నుంచి పనిచేస్తోంది. కల్పవల్లిలో వేల ఎకరాల బోడి గుట్టల మీద ఊళ్లవాళ్లతో కలిసి గడ్డినీ చెట్లనూ తిరిగి తెప్పించిన అనుభవం వాళ్లది. ఆ గుట్టల మీదికే గాలిమరలు, వాటి కోసం వేసిన దారులు వచ్చి వివాదమయ్యాయి. స్వచ్ఛమైన కరెంటుకూ గడ్డి నేలకూ మధ్య పేచీని దగ్గర నుంచి చూడాలంటే అంతకు మించిన చోటు లేదు. అనంతపురంలో ఏఎఫ్ ఎకాలజీ సెంటర్, 1969 నుంచి ఉన్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) మెట్ట సేద్యం మీద పనిచేశాయి. కృషి విజ్ఞాన కేంద్రాలు రెడ్డిపల్లి, కళ్యాణదుర్గం, బనవాసి, యాగంటిపల్లె, ఊటుకూరులో ఉన్నాయి. ప్రకృతి వ్యవసాయం చూడాలంటే రైతు సాధికార సంస్థ సిబ్బంది మండలాల్లోనే దొరుకుతారు. వేసవిలో నవధాన్యాలు పొడి విత్తనంగా చల్లడం, 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి నీడలో రెండు రోజులు మురగబెట్టి జీవామృతం చేయడం వాళ్లే నేర్పుతారు. ఫలితం చూడాలంటే అదే చేనులో ఏమీ వేయని ఒక చాలు వదలాలి. లేకపోతే మంచి వానకు పండిన పంట ఘనత ద్రావణానికి పోతుంది.

"ఇంటర్న్‌షిప్ ఇవ్వండి" అని రాసే ఉత్తరాలకు జవాబులు రావు. ఊరి పేరు, ప్రశ్న, రెండు నెలల వాన లెక్కల కాగితం జోడించి, వారం రోజులు ఎవరి వెంటయినా నడవనిమ్మని అడిగితే వస్తాయి. అందుకే ఆగస్టుకు ముందు అడగవద్దు. 18 నిండనివారికి తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి. స్టైపెండ్ ఆశించవద్దు.

ఇంటి నుంచే చేస్తే పరికరాలకు రెండు మూడు వేలు, నెలకు దారి ఖర్చులు, ఫోను కలిపి మరో రెండు వేలు చాలు. కాలేజీలో పేరు లేదు కాబట్టి ఆర్టీసీ స్టూడెంట్ పాస్ ఉండదు. ఆడపిల్లలకు పల్లెవెలుగు బస్సుల్లో 2025 ఆగస్టు నుంచి ఛార్జీ లేదు. గుట్టల్లో చిన్నపింజరి పాములు ఎక్కువ, బూట్లు లేకుండా రాళ్లు ఎత్తవద్దు. పాము కరిస్తే కట్లు, గాట్లు, మంత్రాల జోలికి పోకుండా 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి చేరాలి.

చదువుకు రోజులో సగం కేటాయించండి. జనవరి నుంచి బావుల కొలత వారానికి ఒక పూటకు, వానమాపకం ఉదయం పది నిమిషాలకు కుదించి, మిగతా కాలమంతా ప్రవేశ పరీక్షకే ఇవ్వాలి. జనవరి నుంచి మార్చి దాకా వానలు దాదాపు ఉండవు, ఆ తర్వాత పడినా వానమాపకం రోజూ చూస్తూనే ఉంటారు కాబట్టి ఈ కుదింపు వల్ల లెక్కలకు నష్టం లేదు.

మే చివర రాసే నివేదిక పది పేజీలు దాటనక్కర్లేదు. ఊరి పటం, నెలవారీ వాన, బావుల మట్టాల గీతలు, ఎక్కడ కొలత తప్పిపోయింది, ఎందుకు తప్పిపోయింది. తెలుగులో రాసి ఒక ప్రతి పంచాయతీకి, ఒకటి రైతు సేవా కేంద్రానికి ఇవ్వండి. గ్రామసభలో చదివే ముందు బోర్ల యజమానుల పేర్లు తీసేసి నంబర్లు వేయాలి. ఎవరి బోరు ఎవరి బావిని ఎండబెట్టిందో అంకెల్లో కనిపించే కాగితం అది. పేర్లతో చదివితే గొడవ ఆ రోజే మొదలవుతుంది, మరుసటి ఏడు ఆ బావుల దగ్గరికి టేపుతో ఎవరినీ రానివ్వరు. పేర్లున్న అసలు పుస్తకం మీ దగ్గరే ఉంచుకుని, ఏ రైతు అడిగితే ఆ రైతుకు తన బావి లెక్క మాత్రమే చూపించండి.